తాళం వేసిన తలుపుకు బొట్టు

నా కొడుకు రాజశేఖర్ కారు ఇంజను ఆపకుండానే కూతురిని దింపాడు.

"పది దినాలు పెట్టుకో నాయనా. నంద్యాలలో ఎవరికీ తెలియగూడదు," అన్నాడు.

"ఏందీ తెలియగూడనిది?"

"నిద్రలో లేచి నడుస్తాండాది. హాస్టల్ మెట్ల మీద పడింది. డాక్టరు రెస్టు అన్నాడు."

"మీ ఇంట్లో పండుకోబెట్టుకోగూడదా?"

"ఆడ చుట్టుపక్కల చూస్తారు గదా. ఈడైతే నువ్వొక్కడివే."

నేనొక్కడినే. నిజమే. కారు వెళ్లిపోయింది. పిల్ల సంచి పట్టుకుని మంచులో నిలబడి ఉంది. మా ఊరు ఆళ్లగడ్డకు అవతల, నల్లమల నీడ పడే వైపు. మాఘమాసంలో పొద్దున పూట మంచు చేలమీద నుంచి లేచి ఇళ్లలోకి వస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి ఉన్నట్టూ ఉంటాడు, లేనట్టూ ఉంటాడు.

ఆ పిల్ల పేరు వర్షిణి. పదో తరగతి. లెక్కల్లో దేశం మొత్తం మీద పెట్టిన పరీక్షలో గెలిచింది. నంద్యాలలో తండ్రి ఇల్లు కూతవేటు దూరంలో ఉండగా, ఇంట్లో అయితే చదువు సాగదని హాస్టల్లో వేశారు. గెలిచాక బడి గేటుకు దాని బొమ్మ కట్టారు. ఎవరో మైకు పెట్టి, "నీ గెలుపు వెనక ఎవరున్నారమ్మా?" అని అడిగారు. "ఎవరూ లేరు. నేనే చదువుకున్నా," అంది. నా కొడుకు ఆ వీడియో చుట్టాలందరికీ పంపాడు. ఎంత ధైర్యమో చూడండి అన్నాడు. నేను ఒకసారి చూసి ఫోను బోర్లా పెట్టాను.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. మా వైపు పెళ్లయినా పేరంటమైనా ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటికి వచ్చి, ఇంటి ఆడమనిషికి బొట్టు పెట్టి పిలుస్తారు. నా భార్య కమలాక్షమ్మ పోయాక మా ఇంట్లో బొట్టు పెట్టించుకునే నొసలు లేదు. అందుకని ఎవరూ రారు. దారిలో కనిపిస్తే, "రాప్పా రామయ్యా, పిల్ల పెళ్లి," అంటారు. అది పిలుపు కాదు. నేను పోను. పోలేదని అనుకునేవాళ్లను అనుకోనిస్తాను.

మర్నాడు కోడి కూయకముందే గడియ చప్పుడైంది. వెళ్లి చూస్తే తలుపు తెరిచి ఉంది. గడప మీద పిల్ల. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడలేదు. పెదవులు కదులుతున్నాయి. ఏవో అంకెలు. మంచు దాని పాదాల మీదుగా లోపలికి వస్తోంది. "వర్షిణీ," అన్నాను. వినలేదు. మణికట్టు పట్టుకుంటే లేగదూడలాగా వెంట వచ్చి పడుకుంది.

ఆ తర్వాత నా తువ్వాలు కొస దాని మణికట్టుకు కట్టి, రెండో కొస నా చేతికి కట్టుకున్నాను. అది కదిలినప్పుడల్లా నాకు మెలకువ వచ్చింది. తెల్లారేసరికి నా తల దిమ్ముగా ఉంది. ఇల్లంతా నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపించింది.

పిల్ల లేచి తువ్వాలు చూసుకుంది. చాలాసేపు విప్పలేదు.

"ఏంజెల్ గూడా ఇట్లే కట్టేది," అంది. "దాని చున్నీ."

"ఎవరు ఏంజెల్?"

"నా రూములో ఉండేది. శిరివెళ్ల దగ్గర వాళ్ల ఊరు. నేను లేస్తే దానికి తెలియల్లని కట్టుకునేది. ఎనిమిదో తరగతి నుంచి."

"నీకు తెలుసునా?"

"తెలుసు. ఎవరికీ చెప్పొద్దన్నా. చెప్పలే."

"ఆ పిల్ల నిద్ర?"

వర్షిణి ఆ మాట ఎన్నడూ వినని దానిలా నా వైపు చూసింది.

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఏంజెల్‌ను అవ్వ ఒకతే పెంచింది. మంచి మార్కులని బడివాళ్లు ఫీజు తగ్గించి చేర్చుకున్నారు. క్లాసులో కునికిపాట్లు పడుతుందని అయ్యవార్లు తిట్టారు. మార్కులు తగ్గాయి. తగ్గింపు తీసేశారు. అయినా అప్పోసప్పో చేసి అవ్వ కట్టింది. మైకు వీడియో చూశాక ఏంజెల్ పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. ఆ వారమే వర్షిణి మెట్ల మీద పడింది.

"నువ్వు మీ అయ్యవార్లకు చెప్పలేదా?"

"చెప్తే నేను నిద్రలో నడుస్తానని అందరికీ తెలుస్తాది గదా, జేజినాయనా. ఫోన్ చేస్తే ఎత్తడం లే. సారీ అని మెసేజీ పెట్టినా. చూసింది. జవాబు ఇయ్యలే."

"ఇప్పుడేం కావల్ల నీకు?"

"అది రావల్ల. పరీక్షలు ఉండాయి. అది లేకుంటే మల్ల లేచి నడుస్తా, తెలిస్తే నన్ను హాస్టల్లో ఉంచుకోరు."

"ఆ పిల్ల కావల్లనా, ఆ పిల్ల చున్నీ కావల్లనా?"

దేశంలో లెక్కలకు మొదటిది. ఈ ప్రశ్నకు గోడ చూసింది. నేను ఓదార్చలేదు. నాకు రాదు. ఆ పని మా ఇంట్లో కమలాక్షమ్మ చేసేది.

ఆ రోజే మా ఊరికి పల్లకీ వచ్చింది. అహోబిలం నరసింహస్వామి తన పెళ్లికి తానే పిలవడానికి పల్లకీ ఎక్కి ఊరూరూ తిరుగుతాడు. పారువేట అంటాం. ముందు డప్పులు వినిపించాయి, ఎక్కడినుంచో తెలియలేదు. తర్వాత మంచులో పసుపుపచ్చగా దివిటీల వెలుగు. ఆ తర్వాత వెలుగు కింద భుజాలు, భుజాల కింద నేలను తాకీ తాకనట్టు బోయీల కాళ్లు. పల్లకీ తేలుతూ వచ్చి మా వీధి మొదట్లో అరుగు మీద ఆగింది. జనం దండాలు పెట్టుకుంటున్నారు. వర్షిణి దండం పెట్టలేదు. బోయీల కాళ్ల వైపే చూస్తోంది. దుమ్ము పట్టి, పగిలి ఉన్నాయి.

"ఇంత దూరం తిరిగేది ఎందుకు, జేజినాయనా? అందర్నీ అహోబిలానికే రమ్మంటే సరిపోయె గదా."

"పిలిచేటోడు నడిచి రావల్ల. లేకుంటే అది పిలుపు గాదు."

"దేవుడైనా?"

"దేవుడికి మాత్రం పొగరు ఉండొచ్చునా?"

పల్లకీ కదిలాక అడిగింది. "జేజి ఎట్లా పిలిచేది?"

చెప్పాను. కమలాక్షమ్మ భరిణె చేతిలో, చెంగు నడుముకు. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక్క ఇల్లు వదలకుండా. ఎవరూ లేక తాళం వేసి ఉంటే తలుపుకు బొట్టు పెట్టి వచ్చేది. ఇంటివాళ్లు వచ్చి బొట్టు చూసి, ఎవరో పిలిచి పోయినారని అడిగి తెలుసుకునేవాళ్లు. తలుపుకు పెట్టినా పిలిచినట్టే.

ఆ మధ్యాహ్నం నేను కునుకు తీశాను. కలలో కమలాక్షమ్మ వీధిలో పోతోంది. అన్ని ఇళ్లకూ తాళాలే. ఒక్కొక్క తలుపుకూ బొట్టు పెడుతూ వస్తోంది. మా ఇల్లు వచ్చింది. నేను లోపలినుంచి, "తాళం లే, నేనుండా," అంటున్నాను. నా గొంతు మంచులో కలిసిపోయింది. ఆమె మా తలుపు దాటి పోయింది. కోపంతో లేచాను. ఎవరి మీద కోపమో తెలియదు.

లేచేసరికి దేవుడి గూటి ముందు వర్షిణి నిలబడి ఉంది. కమలాక్షమ్మ భరిణె దాని చేతిలో ఉంది. మెలకువగానే ఉంది.

"శిరివెళ్లకు బస్సు ఎప్పుడు, జేజినాయనా?" అంది.

శిరివెళ్ల స్టేజీలో దిగాం. ఏంజెల్ పల్లెకు పోయే ఆటోలో వర్షిణిని ఎక్కించి నేను టీ అంగడి దగ్గర కూచున్నాను. ఆటోవాడి పేరు యెషయా అని వెనక అద్దం మీద రాసి ఉంది. ఏ ఊరు, ఎవరింటోళ్లని అడిగితే చెప్పాను. ఇంకో టీ చెప్పేలోపే ఆటో తిరిగి వచ్చింది.

"తాళం వేసిండాది. కోతకు పోయినారంట," అంది పిల్ల. "తలుపుకు పెట్టి వచ్చినా."

దాని ముఖంలో నవ్వు. లెక్క తేలినప్పుడు నవ్వే నవ్వు. సరే అన్నాను. ఏంజెల్ అన్న పేరు ఇద్దరమూ నోటితో అన్నాం. యెషయా అన్న పేరు ఇద్దరమూ కళ్లతో చదివాం. ఇద్దరికీ బుర్ర వెలగలేదు.

మర్నాడు పొద్దున అదే ఆటో మా ఇంటి ముందు ఆగింది. ఒక ముసలామె దిగింది. వేళ్లు మిరపకాయల కోతకు ఎర్రబారి ఉన్నాయి. గడప దగ్గరికి రాలేదు. వీధిలోనే నిలబడింది.

"ఏమప్పా, నీకూ మాకూ ఏమన్నా గట్టు తగాదా ఉందా?"

"ఎవరమ్మా నువ్వు?"

"నేను కృష్ణమ్మను. నువ్వు మా తలుపుకు చేయించిన పనికి నేనెవరో నీకు తెలియదా? సిలువ గుర్తు కింద కుంకుమ పెట్టించినావే. మా ఇంట్లో ఎవరు చావల్లని పెట్టించినావప్పా? నేను ఎట్లాగూ పోయేదాన్నే. ఆ పిల్లేం చేసింది నీకు?"

"చేతబడి అనుకుంటాండావా?"

"మరి మా కిరస్తానపోళ్ల గేరిలో కుంకుమ పూసేది పేరంటానికా?"

ఆటోలోనుంచి యెషయా తల బయటికి పెట్టాడు. "నేనే దింపినా పెద్దాయనా. బడిపిల్ల గదా, పుస్తకానికి వచ్చిందేమో అనుకున్నా. ఇట్లాంటి పని మీద వస్తాండాదని నాకేం తెలుసు? మా పాస్టరు రాత్రి నన్ను గూడా మోకాళ్ల మీద కూచోబెట్టినాడు."

"నువ్వు గమ్మునుండు," అంది కృష్ణమ్మ. "రాత్రంతా చర్చి అరుగు మీదనే ఉన్నామప్పా. ఇంట్లోకి పోవల్లంటే కాళ్లు రాలే."

వర్షిణి బయటికి వచ్చింది.

"నేనే పెట్టినా అవ్వా. పిలుద్దామని."

"దేనికి?"

"ఏంజెల్‌ను బడికి పిలుద్దామని. తాళం వేసి ఉంటే తలుపుకు పెడతారంట గదా."

ముందు యెషయా నవ్వాడు. కృష్ణమ్మ వెనక్కి తిరిగి అతని భుజం మీద ఒకటి వేసింది. వేసి తానూ నవ్వబోయి ఆపుకుంది.

"మొగుడు పోయినదాన్ని. పైగా యేసును నమ్ముకున్నదాన్ని. నాకు రెండు రకాలుగానూ చెల్లదే పాపా ఈ పిలుపు. నీకు లెక్కలు ఒకటే చెప్పినారా బడిలో?"

ఆటో వెనక సీట్లో ఇంకొకరు ఉన్నారు. చున్నీ తలకు చుట్టుకున్న పిల్ల. దిగలేదు. వర్షిణి వెళ్లి ఆటో పక్కన నిలబడింది.

"ఆ బొట్టు నేనే కడిగినా," అంది ఏంజెల్. ముందుకే చూస్తూ అంది. "తెల్లారేసరికి ఒళ్లు కాలింది. నాకేమో అయిపోయింది అనుకున్నా."

వర్షిణి సారీ అనలేదు. ఆ మాట ముందే ఫోనులో పంపి అరగదీసింది. ఆటో కడ్డీ పట్టుకుంది. తర్వాత కృష్ణమ్మ వైపు తిరిగింది.

"మీ ఇంట్లో ఎట్లా పిలుస్తారు అవ్వా?"

కృష్ణమ్మ దాని ముఖంలోకి చూసింది. "మా ఇంట్లోనా? వస్తారు. కూచుంటారు. పెట్టింది తింటారు. మంచీచెడ్డా అడుగుతారు. పోయే ముందర ఆ మాట చెప్తారు."

"తాళం వేసి ఉంటే?"

"తీసేదాకా కూచుంటారు. ఇప్పుడు మేం కోతకు పోవల్ల. సాయంత్రం దాకా తాళమే."

వర్షిణి చెప్పులు వేసుకుని ఆటోలో డ్రైవరు పక్కన ఎక్కింది. నేను కూడా ఎక్కాను. ఎక్కమని ఎవరూ అనలేదు.

ఆ పల్లెలో వాళ్ల ఇంటి తలుపు మీద కడిగిన మరక ఇంకా పోలేదు. ఏంజెల్, కృష్ణమ్మ చేలోకి వెళ్లారు. వర్షిణి తలుపుకు ఆనుకుని కింద కూచుంది. నేను ఎదురు అరుగు మీద వేపచెట్టు నీడలో కూచున్నాను. ఇంటి పక్కనే కల్లం. అందులో మిరపకాయలు ఎండబోశారు. ఎవరో పెద్ద భరిణె ఒంపినట్టు నేల కనుచూపు మేర ఎర్రగా ఉంది. ఎండ ముదిరేకొద్దీ ఆ ఎరుపు గాలిలోకి లేచి ఆడింది. దాని ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పల్లెలో చప్పుడు లేదు. ఎక్కడో ట్రాక్టరు కలలోలాగా ఒకే మూల మోగుతోంది.

వర్షిణి ఒకసారి నన్ను చూసి అంది. "జేజినాయనా, వాళ్లు ఈ తలుపు చూసి భయపడినారు. నేను తలుపునే చూసినా గానీ లోపల ఎవరుంటారో అనుకోలే."

"ఇప్పుడు అనుకో. సాయంత్రం దాకా పని లే నీకు."

అనుకుంటూనే నిద్రపోయింది.

పొద్దు వాలుతుండగా లేచింది. లేవలేదు, నిద్ర దాన్ని లేపింది. కళ్లు తెరిచి, ఎవరినీ చూడకుండా కల్లం వైపు నడిచింది. ఎర్రటి నేల అంచుకు పోయింది. నేను అరుగు దిగేలోపే చేలోనుంచి వస్తున్న ఏంజెల్ గంప కింద పెట్టి పరుగెత్తింది. అరవలేదు. దాని మణికట్టు పట్టుకుని, తలకున్న చున్నీ లాగి కొస ముడివేసింది. చేతులకు అంత అలవాటు. రెండో కొస తన చేతికి చుట్టుకుని మెల్లగా వెనక్కి నడిపించుకుని వచ్చింది. ఇద్దరి నీడలూ మిరపకాయల మీద ఒకే నీడగా పడ్డాయి. నేను కదలలేదు. నా కల ఇంకా అయిపోలేదేమో అనుకున్నాను.

తలుపు దగ్గర వర్షిణికి మెలకువ వచ్చింది. ముడి చూసింది. ఏంజెల్ కళ్ల కింద నల్లటి చారలు చూసింది. మూడేళ్లుగా పక్కనే ఉన్న ముఖం అది. మొదటిసారి చూసినట్టు చూసింది. తర్వాత తన వేళ్లతో ముడి విప్పి చున్నీ ఏంజెల్ భుజం మీద వేసింది.

కృష్ణమ్మ తాళం తీసింది. లోపల కూచున్నాం. జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి పెట్టింది. నాకూ పళ్లెం పెట్టింది. తిన్నాను. కారం. వర్షిణి కళ్లు తుడుచుకుంటూ తింది. కారానికో దేనికో నేను అడగలేదు.

"కోతలు ఎన్నాళ్లుంటాయి అవ్వా?" అని అడిగింది. "రాత్రి భయానికి పండుకోలేదు గదా, చేలో నిలబడగలిగినారా?" అని అడిగింది. అట్లాంటి మాటలు దాని నోట నేను వినలేదు. వచ్చీరాని భాష మాట్లాడుతున్నట్టు ఆగి ఆగి మాట్లాడింది.

పళ్లెం కడిగి పెట్టి అప్పుడు అంది.

"ఏంజెల్, బడికి రా. నా రూముకు రావొద్దు. కింద రూములో పండుకో. నిద్రపో. పరీక్ష రాయి."

"నువ్వు?"

"ఇంట్లో పండుకుంటా. అమ్మ కట్టుకుంటాది. నంద్యాలకు పోగానే నేనే ప్రిన్సిపాల్ సారుకు చెప్తా, నీ మార్కులు ఎందుకు తగ్గినాయో."

"అందరికీ తెలుస్తాది మల్ల."

"తెలియనీ."

ఏంజెల్ చున్నీ కొస ముడి గుర్తును వేలితో చదును చేస్తోంది.

"వచ్చే నెల బడి వార్షికోత్సవం ఉంది," అంది వర్షిణి. "నాకు మల్ల మైకు ఇస్తారు. అప్పుడు నీ పేరు..."

"వద్దు. మైకులో నా పేరు చెప్పొద్దు. చెప్తే రాను." ఏంజెల్ అంది. "నాకు చెప్పు, చాలు."

"చెప్పేదానికే వచ్చినా," అంది వర్షిణి. ఏం చెప్పిందో నాకు తెలియదు. నేను బయటికి వచ్చి అరుగు మీద కూచున్నాను. యెషయా ఆటోలో నిద్రపోతున్నాడు. చాలాసేపటికి లోపలినుంచి ఒక గొంతు వినిపించింది.

"సోమవారం వస్తా. నీ కోసం గాదు. పరీక్ష కోసం."

"సరే," అంది రెండో గొంతు.

రాజశేఖర్ పది రోజులు కాకముందే వచ్చాడు. కూతురు ఇంట్లో పడుకుంటానంటే, "రాత్రి చదువులు పోతాయి గదే," అన్నాడు.

"పోనీ నాయనా," అంది.

"నువ్వేమన్నా నూరిపోసినావా దీనికి?" అని నన్ను అడిగాడు.

"నాకు నూరిపోసే చదువు యాడిది?" అన్నాను.

వాళ్లు బయలుదేరేది మధ్యాహ్నమని, తాళం వేసి చెవి బయట గోడ గూట్లో పెట్టమని చెప్పి నేను చేనికి వెళ్లాను. సాగనంపడాలు నాకు పడవు. తిరిగి వచ్చేసరికి మళ్లీ మంచు దిగుతోంది. ఇల్లు దూరంనుంచి తేలుతున్నట్టు కనిపించింది. తలుపుకు తాళం ఉంది. తాళం పైన, కమలాక్షమ్మ చేయి అందేంత ఎత్తులో, ఎర్రగా బొట్టు ఉంది.

మా తలుపుకు బొట్టు పడి ఎన్నాళ్లయిందో.

ఆ పిల్లను నేను ఇంకా క్షమించలేదు. ఏంజెల్ నిద్ర తిరిగి రాదు. ఆ రాత్రి చర్చి అరుగు మీద కూచున్న భయం కడిగితే పోదు. ఏంజెల్ కూడా క్షమించిందో లేదో తెలియదు. సోమవారం బస్సు ఎక్కిందని మాత్రం యెషయా చెప్పాడు. వార్షికోత్సవానికి కృష్ణమ్మను కూడా వర్షిణి వాళ్లు పిలిచారట. వెళ్లి, కూచుని, తిని పిలిచారట. ఆమె శిరివెళ్లలో బస్సు ఎక్కుతుందట.

నేను ఆళ్లగడ్డలో ఎక్కుతాను. పిలుపు వచ్చాక పోకుండా ఉండడం మా వైపు మర్యాద కాదు.

ఆ సాయంత్రం నేను బొట్టు తుడవలేదు. మంచుకు కొంచెం కరిగి కిందికి జారింది. తాళం తీసి లోపలికి వెళ్లాను.